కంఠం నుంచి హృదయానికి



మదర్సా సెలవుల్లో ఈసారి కొంత తీరిక దొరికింది. ఒక గ్రంథాన్ని మళ్లీ చదివాను, ఒక డాక్యుమెంటరీ చూశాను, ఎప్పటిలాగే ఖిరాఅత్ విన్నాను. మూడూ వేర్వేరు దేశాలకు, వేర్వేరు కాలాలకు చెందినవి. అయినా మూడూ నన్ను ఒకే ప్రశ్న వద్దకు చేర్చాయి. మనం మన పిల్లలకు దివ్య ఖుర్‌ఆన్‌ను ఎంతవరకు అందిస్తున్నాం? నాలుక వరకేనా, మనసు దాకానా?

ముందుగా గ్రంథం సంగతి. ముహమ్మద్ అసద్ రచించిన 'ది రోడ్ టు మక్కా' 1954లో వెలువడింది. 1900లో, నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ల్వీవ్ నగరంలో, ఒక యూదు కుటుంబంలో ఆయన జన్మించారు. తొలి పేరు లియోపోల్డ్ వైస్. తాతగారు రబ్బీ. జర్మన్ పత్రికకు విలేకరిగా అరబ్బు దేశాల్లో తిరిగిన ఈ యువకుడు 1926లో బెర్లిన్‌లో ఇస్లాం స్వీకరించారు. 1932లో ఎడారి మీదుగా మక్కా వైపు సాగిన ఒంటె ప్రయాణాన్ని చెబుతూ, మధ్యమధ్య తన గత జీవితాన్ని నెమరువేసుకుంటారు. ఎడారిలో దాహంతో దారితప్పిన ఘట్టం చదివేటప్పుడు మన గొంతు కూడా ఎండిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం బెర్లిన్ భూగర్భ రైలు ఘట్టం. ఒకనాడు ఆయన తన భార్యతో కలిసి రైల్లో వెళుతుంటారు. చుట్టూ మంచి దుస్తులు ధరించిన, కడుపునిండా తినే మనుషులు. కానీ ఏ ముఖంలోనూ శాంతి లేదు. లోలోపల ఏదో బాధ వారిని తినేస్తున్నట్లు తోస్తుంది. ఇంటికి చేరాక బల్లమీద తెరిచి ఉన్న ఖుర్‌ఆన్‌లో ఆయన చూపు తకాసుర్ సూరా మీద పడుతుంది. ఇంకా కావాలి, ఇంకా కావాలి అనే పోటీలో సమాధుల దాకా పరుగెత్తే మనిషిని గురించి హెచ్చరించే సూరా అది. తాను అప్పుడే రైల్లో చూసివచ్చిన ముఖాలను ఆయన ఆ వాక్యాల్లో మళ్లీ చూశారు. ఆయన సందేహం అక్కడితో తీరిపోయింది.

ఈ సూరా మన పిల్లల్లో చాలామందికి ఆరేడేళ్లకే కంఠస్థం. నమాజులో మనమూ తరచుగా చదువుతాం. ఎనిమిది చిన్న ఆయతులు. అయితే ఒక మనిషి జీవితాన్నే మలుపు తిప్పిన ఆ ఆయతులను మనం ఒక్క శ్వాసలో ముగించి రుకూలోకి వెళ్లిపోతాం. ఆయనకూ మనకూ తేడా ఎక్కడుంది? ఆయన అర్థం తెలిసి చదివారు.

అసద్‌కు మన ప్రాంతంతోనూ అనుబంధం ఉంది. హైదరాబాద్ నుంచి వెలువడిన 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికకు కొంతకాలం ఆయన సంపాదకులు. అంతకుముందు ఆ బాధ్యత వహించినవారు మర్మడ్యూక్ పిక్తాల్. నిజాం ప్రభుత్వ ఉద్యోగిగా ఉంటూనే, జీతంతో కూడిన సెలవు పొంది, పిక్తాల్ పూర్తిచేసిన ఖుర్‌ఆన్ ఆంగ్లానువాదం 1930లో వెలువడింది. అసద్ అనువాదం, వ్యాఖ్యానం 1980లో వచ్చాయి.

ఇక డాక్యుమెంటరీ. 2011లో వచ్చిన దాని పేరు 'ఖురాన్ బై హార్ట్'. రమజాన్ మాసంలో కైరోలో జరిగిన అంతర్జాతీయ ఖుర్‌ఆన్ పోటీకి వచ్చిన ముగ్గురు పదేళ్ల పిల్లల కథ ఇది. ఒకరు సెనెగల్ బాలుడు, ఒకరు తజికిస్తాన్ బాలుడు, మరొకరు మాల్దీవుల బాలిక. కంప్యూటర్ ఎంపిక చేసిన చోటు నుంచి న్యాయనిర్ణేత ఒక వాక్యం వినిపిస్తారు. అక్కడి నుంచి బిడ్డ అందుకోవాలి. ఆ లేత గొంతులు వింటుంటే కళ్లు చెమర్చకుండా ఉండవు.

అయితే ఈ చిత్రం అంతటితో ఆగదు. తజిక్ బాలుడి గానం న్యాయనిర్ణేతలనే కదిలించింది. కానీ ఊళ్లోని మదర్సా మూతపడ్డాక తండ్రి అతడిని పట్టణంలోని బడికి తీసుకువెళితే, తన మాతృభాషలో ఒక పుట చదవడానికే ఆ పిల్లవాడు తడబడతాడు. మాల్దీవుల బాలిక గణితంలో, విజ్ఞానశాస్త్రంలో చురుకైనది. ఆమె ఉన్నత విద్య విషయంలో తల్లిదండ్రుల అభిప్రాయాలు వేరు. బాగా చదివించినా ఆమె గృహిణిగానే ఉండాలన్నది తండ్రి ఉద్దేశం. ఇక్కడ నాకు విశ్వాసుల మాత ఆయిషా (రజి) గుర్తుకు వచ్చారు. ఆమె ద్వారా మనకు అందిన హదీసులు రెండు వేలకు పైగా ఉన్నాయి. పెద్దపెద్ద సహాబాలు సందేహాలు తీర్చుకోవడానికి ఆమె వాకిటికి వచ్చేవారు. ఆడబిడ్డ జ్ఞానం ఇంటికి వెలుగు అని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ తజిక్ బాలుడు నాకు పరాయివాడుగా తోచలేదు. మొన్న ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, "హజ్రత్, వీడిని ఇక బడికి పంపను. ముందు హిఫ్జ్ కానివ్వండి, చదువు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆయన ఆశ పవిత్రమైనది. దానిని తక్కువ చేయను. కానీ ఆయనతో ఇలా అన్నాను: "భాయీ, మీ అబ్బాయి హాఫిజ్ కావాలని నేనూ దుఆ చేస్తాను. అయితే రేపు ఇరుగుపొరుగు వారు 'నువ్వు చదివినదానిలో ఏముంది బాబూ?' అని అడిగితే తెలుగులో నాలుగు మాటలు చెప్పగలగాలి కదా? బడి మాన్పించకండి. ఉదయం ఫజ్ర్ తర్వాత, సాయంత్రం అస్ర్ తర్వాత నా దగ్గరకు పంపండి. ఒక సంవత్సరం ఆలస్యమైతే కానివ్వండి." ఆయన కాసేపు మౌనంగా ఉండి, సరేనన్నారు.

చివరిగా ఖిరాఅత్. "మీకు సంగీతం అంటే ఇష్టమేనా?" అని కొందరు పాఠకులు అడుగుతుంటారు. నా చెవికి అలవాటైన మాధుర్యం ఖారీల గొంతుదే. ఈ నెల ఎక్కువగా విన్నది ఈజిప్టుకు చెందిన షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ (1917-1980) పారాయణం. సంపూర్ణ ఖుర్‌ఆన్ తర్తీల్ తొలిసారిగా 1961లో ఆయన గొంతులోనే రికార్డు అయి వెలువడింది. యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజులు అమరులైనప్పుడు అబూబక్ర్ (రజి) ఖుర్‌ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేయించారు. మన కాలంలో స్వరానికి జరిగిన అలాంటి భద్రత ఇది.

షేఖ్ హుసరీ పారాయణంలో ఆర్భాటం ఉండదు. ప్రతి అక్షరానికీ దాని హక్కు దక్కుతుంది. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతారు. ఆ విరామంలో వినేవాడికి ఆలోచించే వ్యవధి లభిస్తుంది. ముజ్జమ్మిల్ సూరాలో ఆదేశించిన తర్తీల్‌కు ఉద్దేశం కూడా అదే కదా. రమజాన్‌లో ఎవరు ఎంత త్వరగా ముగించారని లెక్కలు వేసుకునేవారు ఆ పారాయణాన్ని ఒక్క పావుగంట వినాలని నా మనవి.

పాఠకులకు ఒక చిన్న సూచన. ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ పది నిమిషాలు కూర్చోండి. ఒక బిడ్డ మూడు ఆయతులు పారాయణం చేయాలి. మరో బిడ్డ వాటి తెలుగు భావాన్ని బిగ్గరగా చదవాలి. తెలుగు అనువాదాలకు కొదువ లేదు. మొట్టమొదట ఆ పనికి పూనుకున్నది చిలుకూరి నారాయణరావు గారనే హిందూ పండితుడు. అర్థం కోసం అంతటి శ్రమ పొరుగువారే చేసినప్పుడు, మనం రోజుకు పది నిమిషాలు వెచ్చించలేమా?

కంఠస్థం చేసిన వాక్కును హృదయస్థం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.