పాలకేంద్రం దగ్గరే పశువుల బడి పెట్టాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాడి రైతు అక్కలారా, అన్నలారా!

టమోటా ధర పడిపోయిన నెలల్లో మన ఇళ్లలో పొయ్యి వెలిగించేది పాల బిల్లే. మార్కెట్ యార్డు ధర ఎటూ మన మాట వినదు. ఆవు ఆరోగ్యమైనా చేజారిపోకుండా చూసుకోవాలంటే తెలిసినవాళ్లు దగ్గరుండి నేర్పాలి.

పొదుగువాపు సంగతే చూడండి. చన్ను వాచి, పాలు విరిగి గడ్డలు పడ్డాక డాక్టరు కోసం పరుగెత్తుతాం. చాలాసార్లు అంతకుముందే పైకి ఏమీ కనిపించకుండా లోపల జబ్బు ఉంటుంది. పాలు తగ్గితే దాణాను, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) పడితే కేంద్రంలోని మిషన్‌ను తిడతాం. నాలుగు గుంతల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు విడిగా పిండి, అంతే కొలత పరీక్ష మందు పోసి తిప్పితే జబ్బున్న పాలు జిగురుగా చిక్కబడతాయి. నిమిషం పని. పాలు పితికాక చన్ను రంధ్రం అరగంట దాకా సరిగా మూసుకోదు. ఆలోగా క్రిములు దూరకుండా చన్నులను అయోడిన్ మందులో ముంచి, ముందర మేత వేసి ఆవును పడుకోనివ్వకుండా చూడాలి.

గాలికుంటు టీకాను 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు. సూది పడితే పాలు తగ్గుతాయని ఆవును తోటలోకి తోలేసేవాళ్లున్నారు. నాలుగు రోజులు తగ్గొచ్చు, నిజమే. రోగమే వస్తే ఆ ఈత పాలన్నీ పోయినట్టే. కుప్పం వైపు మూడు రాష్ట్రాల పశువులు చేతులు మారతాయి, కొన్న ఆవును మూడు వారాలైనా విడిగా కట్టాలి.

పుంగనూరు పొట్టి ఆవు 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని ఇంట కనిపించింది. సంతోషమే. మన పాల బిల్లు మాత్రం జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులది. వాటి సాకుడు మెలకువలు పలమనేరు పశు పరిశోధన కేంద్రం నుంచి మన కొట్టాలకు చేరాలి.

మండల కేంద్రంలో పగటిపూట సదస్సు పెడితే వెళ్లేది మగవాళ్లు, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లు. అందుకే నెలకోసారి, సాయంత్రం పాలు పోసే వేళ, కేంద్రం దగ్గరే గంటసేపు పశువైద్యులు వచ్చి చేసి చూపించాలి. పరీక్ష మందు, అయోడిన్ ఖర్చు డెయిరీలు భరించాలి, మంచి పాలతో లాభపడేది వాళ్లూ కదా.

వచ్చే గ్రామసభలో ఈ అర్జీ పెడుతున్నాం. అక్కలు ముందు సంతకం చేయండి. ఒక ప్రతి పశువుల ఆసుపత్రికి, ఒకటి డెయిరీ మేనేజరుకు ఇద్దాం.

ఇట్లు,
పాడి రైతులు