ఫ్లెక్సీ చింపితే ఏ సెక్షన్?

అంబేడ్కర్ ఫొటో ఉన్న ప్రచార ఫ్లెక్సీని చించేశారని ఫిర్యాదు చేస్తే స్టేషన్‌లో తరచూ వినిపించే మాట ఒకటే: "ఫ్లెక్సీయే కదా, ఇంకోటి కట్టుకోండి." పట్టుబడితే ఆస్తి నష్టం కేసు రాస్తారు. భారతీయ న్యాయ సంహిత 324 కింద మామూలు నష్టానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు.

కొత్త చట్టం ఎందుకు? ఉన్నదే అమలు చేయమంటున్నాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ చేర్చిన సెక్షన్ 3(1)(టి) చూడండి. ఈ వర్గాలు గౌరవించే విగ్రహాన్ని, ఫొటోను, చిత్రపటాన్ని ఇతరులు ధ్వంసం చేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. ఆ శిక్ష ఆగినచోట ఈ శిక్ష మొదలవుతుంది. 2018లో వచ్చిన 18ఎ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ కూడా అక్కర్లేదు.

"ఎవరు చించారో తెలియదు" అంటారు. 2023 మార్చిలో ఢిల్లీ గోడలపై ప్రధానిని తొలగించాలంటూ పోస్టర్లు వెలిస్తే, పోలీసులు ఆరుగురిని వెతికి పట్టుకుని అరెస్టు చేశారు. ఏలికను ప్రశ్నించిన కాగితం వెనుక మనిషి దొరుకుతాడు. బాబాసాహెబ్ ఫొటో చించిన చెయ్యి మాత్రం దొరకదా?

ఈసారి ఫిర్యాదులో ఆ సెక్షన్ మనమే రాద్దాం. కావాలని విధి విస్మరించే ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి సెక్షన్ 4 ఉందనీ గుర్తుచేద్దాం.