రోజుకి మూడు అధ్యాయాలు... లెక్క సరే, చదవడం మాటేంటి?

జనవరి ఒకటిన బైబిల్ మొదటి పేజీ తీసి, ఫిబ్రవరి మొదటి వారానికల్లా మూసేసినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. మీకూ తెలిసే ఉంటారు. వాళ్ళలో భక్తి లేనివాళ్ళు ఎవరూ లేరు, బద్ధకస్తులూ కాదు. నన్నడిగితే తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు పెట్టుకున్న లెక్కది.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు ఆ లెక్కే చూద్దాం. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చెయ్యాలంటే రోజుకి మూడు పైచిలుకు. ఆదికాండము 50, నిర్గమకాండము 40... వెరసి 90. అబ్రాహాము, యోసేపు, మోషేల కథలతో జనవరి చాలావరకు హాయిగానే గడుస్తుంది. సరిగ్గా నెలాఖరుకి లేవీయకాండము ఎదురొస్తుంది. బలులు, చర్మరోగాలు, ఏది తినొచ్చు, ఏది తినకూడదు... ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన మనిషి దీని ముందు కూర్చుంటే ఏమవుతుంది? ఒకరోజు తప్పుతుంది. మర్నాటికి ఆరు అధ్యాయాలు, ఆ మర్నాటికి తొమ్మిది. పేరుకుపోయిన పని ఎంత భయపెడుతుందో మా వృత్తిలో వేరే చెప్పక్కర్లేదు. చివరికి పుస్తకం చూస్తేనే అప్పులవాణ్ణి చూసినట్టు ఉంటుంది!

ఈ పట్టికల పద్ధతి కొత్తదేం కాదు. స్కాట్లాండులోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే పాస్టరు 1842లో తన సంఘం కోసం ఒకటి తయారుచేశాడు. రోజుకి నాలుగు అధ్యాయాలు, రెండు ఇంటిల్లిపాదీ కలిసి, రెండు ఒంటరిగా. ఇప్పటికీ చాలామంది దాన్ని వాడుతున్నారు. అయితే పట్టికతో పాటు ఆయన దానివల్ల వచ్చే ప్రమాదాలు కూడా రాశాడు. చదవడం మొక్కుబడి అయిపోవచ్చు, చదివేశామన్న గర్వం రావచ్చు, పరధ్యానంగా చదవొచ్చు, కొందరికి మొయ్యలేని బరువు కావచ్చు అని. మనం పట్టిక తీసుకున్నాం, హెచ్చరిక వదిలేశాం. ఇప్పుడు ఫోన్లో యాప్ "వరసగా ఇన్ని రోజులు" అని లెక్క చూపిస్తుంటే ఆ ప్రమాదం ఇంకా పెరిగింది.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఉండేది వాగ్దానం కార్డు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక్క వాక్యం ఉన్న కార్డు తీసుకుని ఏడాదంతా దానితోనే గడిపేయడం. యిర్మీయా 29:11 ఇలాంటి కార్డుల మీద తరచుగా కనిపిస్తుంది. మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే మాట. ఉద్యోగం పోయినవాడు, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నవాడు దాన్ని చదివి, ఇంకో నెలలో అంతా సర్దుకుంటుందని అనుకుంటాడు. సర్దుకోకపోతే? దేవుడు మాట తప్పాడనుకుంటాడు, లేదా నా విశ్వాసం చాల్లేదని కుమిలిపోతాడు.

దాని ముందు వాక్యం చదివితే చాలు, విషయం తెలుస్తుంది. అది బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి యిర్మీయా పంపిన ఉత్తరం. విడుదల 70 ఏళ్ళ తర్వాత అంటాడు. ఇంకాస్త వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్ళండి. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలోనే అంతా సర్దుకుంటుందని చెప్తాడు. అది అబద్ధం. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఇల్లు చూడరు. మరి ఏం చెయ్యమన్నాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. సొంతూరు వదిలి బెంగుళూరులో బతుకుతున్న నాలాంటివాడికి కార్డు మీది వాక్యం కంటే ఈ మాటే ఎక్కువ పనికొచ్చింది.

అందుకే నేననేది, చదివేది కొంచెమైనా ఫర్వాలేదు, వరసగా చదవాలి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. కొత్త నిబంధన మొత్తం 260. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున చదివితే సరిగ్గా 52 వారాలు. రెండు రోజులు ఖాళీ ఉన్నాయి కాబట్టి ఒకరోజు తప్పినా కొంప మునగదు. అంతకంటే ఎక్కువ తప్పితే బాకీ తీర్చొద్దు, ఆగినచోటి నుంచి సాగిపొండి.

పాత అనువాదంలో "ఏలయనగా"లు అడ్డం పడుతుంటే వాడుక తెలుగులో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి, అదేం పాపం కాదు. పైకి చదవండి. అపొస్తలుల కార్యములు 8లో రథంలో వెళ్తున్న ఐతియొపీయుడు చదువుతుంటే ఫిలిప్పుకి వినబడింది. అర్థమవుతోందా అనడిగితే, ఎవరూ చెప్పకపోతే ఎలా అవుతుందన్నాడు ఆయన. అంత పెద్ద అధికారే అడగ్గా లేనిది మనకి మొహమాటం ఎందుకు? అర్థం కానిది రాసిపెట్టుకుని ఆదివారం పాస్టరు గారినో, ఇంట్లో పెద్దవాళ్ళనో అడగండి.

చదువు రానివాళ్ళ సంగతి? మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. సాయంత్రం దీపం పెట్టాక మా నాన్న చేత ఒక అధ్యాయం చదివించుకునేది, మధ్యలో ఆపి "మళ్ళీ చదవరా" అనేది. ఎన్ని అధ్యాయాలైనాయో ఆవిడెప్పుడూ లెక్కపెట్టలేదు. కానీ యోబు స్నేహితులు ఎక్కడ తప్పు మాట్లాడారో మాత్రం చక్కగా చెప్పేది.

ఈ ఏడాది మీ పట్టిక ఏ నెలలో ఆగిందో నాకు తెలీదు. ఆగితే ఆగనివ్వండి. ఈ రాత్రికి మార్కు మొదటి అధ్యాయం చదివి చూడండి, పది నిమిషాలు కూడా పట్టదు.