హరిదాసుకి ఫోన్‌పే చేశాం, తర్వాత?

ధనుర్మాసం వస్తే మా ఎస్. రాయవరంలో తెల్లారేది హరిదాసు చిడతలతోనే. ఆయన నోరు తెరిచి అడగరు. మనమే దోసెడు బియ్యం అక్షయపాత్రలో పోస్తాం. చిల్లర లేదంటే ఇప్పుడు ఫోన్‌పే. సరే, సంక్రాంతి వెళ్లాక మిగతా పదకొండు నెలలూ?

కిన్నెర మొగులయ్య గారినే చూడండి. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్‌తో మన ఫోన్లన్నింట్లోకీ వచ్చేశారు. 2022లో పద్మశ్రీ. 2024లో హైదరాబాద్ శివార్లలో రోజుకూలీ చేస్తున్న వీడియో! అది వైరల్ అయ్యాకే మళ్లీ సాయం కదిలింది. అంటే మన డబ్బులు కదిలింది పాట విని కాదు, ఆయన కష్టం చూసి. పాట బాగున్నప్పుడు లైక్ కొట్టి ఊరుకున్నాం (నేనూ అంతే). ఓటీటీకి మాత్రం నెలనెలా ఆటోపే.

అభిమానుల్ని నమ్మొద్దని కాదు. కానీ జాలి మీద నెల గడవదు కదా! పిలిచి పాడించుకుని, మాట్లాడుకున్న డబ్బులివ్వాలి. ఈసారి జాతర చందాల్లో డీజేతో పాటు జముకుల కథ వాళ్లకీ ముందే అడ్వాన్స్ ఇద్దామని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. ఇప్పటికి ఇద్దరు ఓకే అన్నారు.