చేట పట్టేవాడూ కావాలి

"లెక్కలు చూసుకునేవాడికి కవిత్వమెందుకండీ?" మన తెలుగు సంఘాల సభల్లో ఈ మాట తరచు వినబడుతుంది. దాని వెంబడే మరొకటి: "కన్నడంలోనో తమిళంలోనో ఆలోచించే కుర్రాళ్ళకు తెలుగు రచన అబ్బదు." రెంటికీ మూలం ఒకటే. సృజన అనేది ఒకే రకం బుద్ధికి, అదీ ఆవేశంతో ఊగే బుద్ధికి మాత్రమే దక్కే సొత్తు అన్న నమ్మకం. ఇది తప్పు. మనబోటి చిన్న సమాజానికి ప్రమాదం కూడా.

మన అలంకారశాస్త్రమే దీన్ని ఒప్పుకోదు. ప్రతిభ ఒక్కటే చాలునని వాదించేవారు మమ్మటుణ్ణి ఓసారి తిరగేయాలి. పుట్టుకతో వచ్చే శక్తి, లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలిస్తే వచ్చే నిపుణత, తెలిసినవారి దగ్గర చేసే అభ్యాసం - ఈ మూడూ కలిసి కావ్యానికి ఒకే హేతువు అన్నాడాయన. మూడు వేర్వేరు హేతువులనలేదు. అంటే ఒకటి లోపిస్తే మిగతా రెండూ చాలవని అర్థం.

ఇక లెక్కల సంగతి. టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లండన్‌లో లాయిడ్స్ బ్యాంకు ఉద్యోగి. విదేశీ బ్యాంకుల బ్యాలెన్స్ షీట్లు చూడటం ఆయన పనుల్లో ఒకటి. 'ది వేస్ట్ లాండ్' 1922లో వెలువడింది ఆ ఉద్యోగంలో ఉండగానే. దాని రాతప్రతిలో ఎజ్రా పౌండ్ పేజీలకు పేజీలు కొట్టేశాడు. ఆ దిద్దుబాట్లు 1971లో అచ్చయ్యాయి, ఎవరైనా చూడవచ్చు. ఎలియట్ అలగలేదు సరికదా, కావ్యాన్ని పౌండ్‌కే అంకితమిచ్చాడు. వోచరు రాసినవాడే దాన్ని పాస్ చేయకూడదన్నది బ్యాంకులో తొలి పాఠం. రాసినవాడి కంటికి తన తప్పు ఆనదు గనుక. ఈ చిన్న నియమం మన కవులకు మాత్రం అవమానంగా తోస్తుందెందుకో!

రెండు భాషల బుద్ధి మాటేమిటి? కి. రాజనారాయణన్ (1923-2021) కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ వాడు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. దక్షిణాదికి వలసపోయిన తెలుగు కుటుంబాల కథను 'గోపల్ల గ్రామం'గా మలిచాడు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇంట మరాఠీ మాట్లాడిన బేంద్రే కన్నడంలో రాసి 1973లో జ్ఞానపీఠం అందుకున్నాడు. రెండో భాష వీరి బుద్ధిని చెడగొట్టిందని ఎవరనగలరు? మన ఇళ్ళలోని ఇలాంటి పిల్లలు పక్క భాషకే పోతున్నారంటే, వాళ్ళ తెలుగు విని నవ్వేవారికి అందులో పాలు లేదా?

లెక్క చూసి రాస్తే కవిత్వం చచ్చిపోదా అంటారు. విత్తే రోజునే చేట పడితే పంట రాదు, నిజమే. కానీ కల్లంలో తూర్పారబట్టకుండా గింజను గాదెకెత్తే రైతు ఎక్కడున్నాడు? ఊహ సాగేటప్పుడు సాగనివ్వాలి. సాగాక జల్లించాలి. రెండు పనులూ ఒకరే చేయగలిగితే సంతోషం. చేయలేకపోతే రెండోవాణ్ణి పిలవడంలో చిన్నతనం లేదు.

కనుక నా సూచన ఇది. మన సంఘాలు వేసే ప్రతి పుస్తకాన్నీ అచ్చుకు ముందు ముగ్గురు చదవాలి: ఒక కవి, ఇరుగు భాషలో చదువుకున్న ఒక యువకుడో యువతో, కొట్టు పద్దులు రాసుకునే ఒక మనిషి. ముగ్గురి అభ్యంతరాలూ రచయిత ముందు పెట్టాలి. ఏది ఉంచాలో, ఏది తీయాలో చివరి మాట మాత్రం అతనిదే.