ఉచిత రద్దు ఎవరి ఖాతాలో?

ప్రయాణాలు చేసేవాళ్లలో ఇప్పుడొక కొత్త తెలివి చెలామణిలో ఉంది. ఏ ఊరు వెళ్లాలన్నా ముందు మూడు నాలుగు హోటళ్లలో గదులు పట్టేయాలి. మధ్యలో ఎక్కడైనా ధర తగ్గితే ఇంకొకటి పట్టాలి. బయల్దేరే ముందురోజు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేయాలి. ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ అని యాప్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదన్నది దీన్ని సమర్థించేవాళ్ల వాదన. ఇలా చేయనివాణ్ణి అమాయకుడి కింద జమకట్టడం కూడా మొదలైంది. ఈ వాదన తప్పు. రద్దుకు ఖరీదు ఉంది, రద్దు చేసినవాడు కట్టడం లేదంతే. కడుతున్నవాళ్లలో ముందు వరుసలో ఉండేది మన నెల్లూరు వైపు జలదంకి నుంచో ఉదయగిరి నుంచో బయల్దేరి, ఊరు చేరాక లాడ్జి కౌంటరు దగ్గర ‘రూముందా?’ అని అడిగే మనిషి.

ఖరీదు ఉందనడానికి రుజువు ఆ యాప్‌లోనే దొరుకుతుంది. ఒకే గదికి, ఒకే తేదీకి చాలాచోట్ల రెండు ధరలు కనిపిస్తాయి. రద్దు చేసుకునే వీలున్నది కాస్త ఎక్కువ, వీలు లేనిది కాస్త తక్కువ. ఆ తేడాయే రద్దు ఖరీదు. ధర ఒక్కటే ఉన్నచోట ఆ ఖరీదు అద్దెలోనే కలిసిపోయి, మాట మీద నిలబడి వచ్చి దిగినవాడి బిల్లులో తేలుతుంది. ఎంతమంది వదిలేస్తారన్నదానికీ లెక్కలున్నాయి. పోర్చుగల్‌లో రెండు హోటళ్ల బుకింగ్‌ల వివరాలను పరిశోధకులు 2019లో బయటపెట్టారు. 2015 నుంచి 2017 దాకా లిస్బన్ నగర హోటల్‌కు వచ్చిన 79,330 బుకింగ్‌లలో దాదాపు 42 శాతం రద్దయ్యాయి. సముద్రతీర విడిదిలో అది 28 శాతం దగ్గర ఆగింది. పోర్చుగల్ సంగతి మనకెందుకంటారా, మన రైల్వేనే చూడండి. ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించి 2024 నవంబరు 1 నుంచి అమలు చేసినప్పుడు రైల్వే శాఖ చెప్పిన కారణం ఇదే: 61 నుంచి 120 రోజుల ముందు తీసుకున్న టికెట్లలో దాదాపు 21 శాతం రద్దవుతున్నాయి, మరో 5 శాతం మంది రద్దూ చేయరు, రైలూ ఎక్కరు. రైల్వేలో రద్దు ఉచితం కాదన్నది గుర్తుంచుకోవాలి. 2015 నవంబరులో రేట్లు పెంచినప్పుడు, ఖాయమైన స్లీపర్ టికెట్‌ను రెండు రోజులకు పైగా ముందే రద్దు చేసుకున్నా మనిషికి 120 రూపాయలు పోయేలా పెట్టారు. డబ్బు పోతుందని తెలిసీ ఇంతమంది వదిలేస్తుంటే, పైసా పోనిచోట చేతులు కట్టుకుని కూర్చుంటారా?

రద్దయిన గది మళ్లీ అమ్ముడుపోతుంది కదా అంటారు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో వారం ముందు వదిలేస్తే పోవచ్చు. మన వైపు సంగతి వేరు. ఆత్మకూరు దగ్గరి ఏఎస్ పేట దర్గాకు గంధ మహోత్సవమప్పుడు, నెల్లూరు బారాషహీద్ దర్గాకు రొట్టెల పండగప్పుడు జనం ఆ నాలుగు రోజులే విరగబడి వస్తారు. ఆ రోజుల్లో నిండినట్టు చూపించిన గది ముందురోజు రాత్రి ఖాళీ అయితే, దానికోసం అడిగి వెనుదిరిగినవాళ్లకు ఆ కబురు ఎవరు చెబుతారు? బస్సు కిటికీలోంచి మూడు సీట్లలో మూడు తువ్వాళ్లు వేసి, చివరికి ఒకదాంట్లో కూర్చున్నవాడు మిగతా రెండూ ఖాళీగానే ఉన్నాయి కదా అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నిలబడ్డవాళ్లు అప్పటికే దిగిపోయి ఉంటారు. వెనుదిరిగేది యాత్రికులే కాదు. వైద్యం కోసం వేలూరుకో చెన్నైకో రోగిని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు డాక్టరు ఎన్నాళ్లు ఉండమంటాడో ముందు తెలియదు. నెల ముందు నాలుగు గదులు పట్టిపెట్టుకునే విలాసం వాళ్లకు లేదు.

హోటళ్లు మాత్రం తక్కువ తిన్నాయా, ఉన్న గదుల కంటే ఎక్కువ బుకింగ్‌లు తీసుకుని చివరి నిమిషంలో లేదనడం లేదా, పండగొస్తే అద్దె మూడింతలు చేయడం లేదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే, అది అన్యాయమే. కానీ ఎక్కువ బుకింగ్‌లు తీసుకునే అలవాటుకు మేత వేస్తున్నది ఈ రద్దులే. పదిలో మూడు నాలుగు పోతాయని ముందే అంచనా ఉన్నవాడు పదికి పదమూడు తీసుకుంటాడు. ఆ అంచనా తప్పిన రాత్రి వీధిలో మిగిలేది ఆఖరున చేరుకున్నవాడు. వాడికీ ఈ ఎత్తుగడలకూ సంబంధం లేదు, బస్సు ఆలస్యమైందంతే.

మూడో మాట కాస్త బరువైనది: మనిషి పరిస్థితులు మారతాయి, జ్వరం వస్తుంది, సెలవు దొరకదు, రద్దు చేసుకునే హక్కు లేకపోతే ఎలా? ఆ హక్కు ఉండాల్సిందే. యూరప్ వీసాకు బస రుజువు అడుగుతారు కాబట్టి వీసా రాకముందే గది పట్టాల్సిన మనవాళ్ల ఇబ్బందీ నిజమే. అది వాళ్లు పెట్టుకున్న నియమం కాదు. అయితే వెళ్దామనుకుని వెళ్లలేకపోవడం వేరు, మూడింటిలో రెండు వదిలేస్తానని తెలిసే మూడూ పట్టడం వేరు. మొదటిది అవసరం. రెండోది ఎదుటివాడి గదిని ఉచితంగా తాకట్టు పెట్టుకోవడం. సొమ్మొకడిది సోకొకడిదన్న సామెత దీనికి అచ్చంగా అతుకుతుంది.

పరిష్కారం కోసం దూరం పోనక్కర్లేదు. తిరుమలలో ఆన్‌లైన్ గదికి డబ్బు ముందే కట్టాలి. దళారులను ఆపడానికి 2023 మార్చి నుంచి ముఖ గుర్తింపు కూడా పెట్టారు. అయినా ముందుగా బుక్ చేసుకోకుండా కొండెక్కినవాళ్లకు సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు (సీఆర్‌ఓ) దగ్గర గదులిచ్చే ఏర్పాటు తీసేయలేదు. అక్కడ గది దొరకడం తేలికని ఎవరూ అనరు. కానీ డబ్బు ముందే కట్టించుకోవడం, నేరుగా వచ్చేవాళ్లకు గదులు ఉంచడం అనే ఈ రెండు సూత్రాలూ చిన్న లాడ్జీలకు సరిపోతాయి. ఫోనులో గది అడిగినవాళ్ల దగ్గర అద్దెలో పావు వంతు అడ్వాన్సుగా తీసుకోవచ్చు, రెండు రోజుల ముందు చెబితే మొత్తం తిరిగిచ్చేయవచ్చు. ఫోన్‌పే వచ్చాక ఇది కష్టమైన పనేం కాదు. అడ్వాన్సు పంపలేనివాళ్ల మాటేమిటంటే, పండగ రోజుల్లో కొన్ని గదులు ఫోనుకు అందకుండా కౌంటరుకే ఉంచాలి, మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేవాళ్ల కోసం.