చేప కన్నూ, నాన్నగారి చుక్కల మందూ

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్ళు. నీటికాసులు, అంటే గ్లాకోమా ఉందని మూడేళ్ళ క్రితం చెప్పారు. రోజూ రాత్రి కంట్లో వేసుకోమని చుక్కల మందు ఇచ్చారు. చూపు ఏమీ మెరుగుపడలేదని ఆయన రెండు నెలలుగా మానేశారు. ఏదో చేప కంట్లో నరాలను పెంచే పదార్థం ఉందట, ఆ మందు వచ్చేదాకా ఆగుతానంటున్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, దమ్మాయిగూడ

జవాబు: ఆగవద్దని చెప్పండి. ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. రెండు నెలల క్రితం మూత తీసిన సీసా పారేసి, అదే మందు కొత్తది కొని ఈ రాత్రి నుంచే వేయించండి. మానేసిన రోజులకు బదులుగా ఎక్కువ చుక్కలు వేయకూడదు.

చేప సంగతి అబద్ధం కాదు. ఆఫ్రికాలో జింబాబ్వే, మొజాంబిక్ దేశాల వాననీటి గుంటల్లో టర్కాయిస్ కిల్లీఫిష్ అనే చిన్న చేప ఉంది. గుంట ఎండేలోగా అది పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టాలి. తొట్టెలో పెంచినా కొద్ది నెలలకే ముసలిదైపోతుంది. అందుకే ముసలితనాన్ని పరిశోధించేవారికి అది బాగా పనికివస్తోంది. నాడీకణాలను పెంచి, బతికించే మాంసకృత్తులు దాని రెటీనాలో ఉన్నాయి. ఇటువంటి వాటిలో మొదటిదాన్ని వెలికితీసిన రీటా లెవీ మొంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవి చేపల సొత్తేమీ కాదు, మన కళ్ళలోనూ ఉన్నాయి.

ఈ పోషకాలు కొన్ని మెదడు నుంచి కంటి నరం వెంబడి రెటీనాకు చేరుతాయి. కంట్లో ఒత్తిడి పెరిగితే ఆ రాకపోకలకు అడ్డు పడుతుంది. కాలువ పూడితే పైరు ఎండినట్టు, రెటీనాలోని నాడీకణాలు చనిపోతాయి. గ్లాకోమాలో జరిగే నష్టాలలో ఇదొకటి.

ఆ చేపల మీదే బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు 2022లో మరో సంగతి ప్రకటించారు. కంటి నరం నలిగితే పడుచు చేపలకు నరం మళ్ళీ పెరిగి చూపు వచ్చింది. ముసలి చేపలకు రాలేదు. మనిషికైతే పడుచు వయసులో కూడా ఆ నరం తిరిగి పెరగదు. నరాలను పెంచే మాంసకృత్తితో చేసిన చుక్కల మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే. కాని అది నల్లగుడ్డు మీది పొర స్పర్శ కోల్పోయి పుండుపడే జబ్బుకు. గ్లాకోమాకు కాదు.

చూపు మెరుగుపడలేదని నాన్నగారు నిరాశ పడనక్కరలేదు. పోయిన చూపును ఈ చుక్కలు తేలేవు. ఒత్తిడిని తగ్గించి, మిగిలిన చూపును కాపాడతాయి. మూడేళ్ళుగా చూపు తగ్గకుండా ఉంటే మందు పని చేసినట్టే. మానేస్తే నొప్పి, ఎరుపు లేకుండానే పక్కచూపు తరిగిపోతుంది. గుమ్మానికి భుజం తగిలేదాకా మనిషికి తెలియదు. 1990లలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదులో జరిపిన పరిశీలనలో గ్లాకోమా ఖాయమైన 27 మందిలో, తమకు జబ్బుందని అంతకుముందే తెలిసినవారు ఇద్దరే!

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచాలి. రెండు మందులుంటే మధ్య ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వాలి. ఉబ్బసంగాని, గుండె జబ్బుగాని ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకూడదు. వాటివల్ల ఒత్తిడి పెరగవచ్చు. హఠాత్తుగా కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఖర్చుకు వెనకాడేవారికి మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

ఇది రక్తసంబంధీకులకూ వచ్చే జబ్బు. నలభై దాటితే మీరూ, మీ తోబుట్టువులూ కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోండి. చేప మీద పరిశోధన సాగుతుంది. అది మందుగా మారే రోజు వస్తే, దాన్ని వాడుకోవడానికి నాన్నగారికి ఇప్పుడున్న చూపు మిగలాలి.